ఒకే ఇంటిపేరు, ఒకే బహుమతి: 'ఫుట్‌నోట్' సినిమా, దాని వెనక అవార్డుల లెక్క

జెరూసలేంలో ఒక ప్రభుత్వ కార్యాలయం, అందులో చాలా చిన్న గది. కుర్చీలు వేశాక తలుపు తెరవడానికి కూడా చోటు మిగలదు. ఎవరైనా లోపలికి రావాలన్నా బయటికి వెళ్లాలన్నా కూర్చున్నవాళ్లు లేచి కుర్చీలు జరుపుకోవాలి. దేశంలోనే అత్యున్నత సాంస్కృతిక పురస్కారంగా పేరున్న ఇజ్రాయెల్ ప్రైజ్‌కు న్యాయనిర్ణేతలైన పెద్ద ప్రొఫెసర్లంతా ఆ గదిలోనే మోకాళ్లు తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. వాళ్లు ఊరియెల్ ష్కోల్నిక్‌ అనే ప్రొఫెసర్‌ని పిలిపించి ఒక విషయం చెబుతారు. బహుమతి వచ్చిందని అతని తండ్రికి ఫోన్ వెళ్లిన మాట నిజమే, కానీ ఆ ఫోన్ వెళ్లాల్సింది అతనికి. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, ఒకే శాస్త్రం, ఒకే హోదా. గుమాస్తా పొరపాటు పడ్డాడు. ఇప్పుడు ఆ ముసలాయనకు సంగతి ఎవరు చెప్పాలి?

2011లో వచ్చిన హీబ్రూ సినిమా 'ఫుట్‌నోట్' అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. హీబ్రూలో దీని పేరు 'హెఅరత్ షులాయిమ్', అంటే పుటల అంచున రాసే గమనిక. దర్శకుడు జోసెఫ్ సీడర్ 1968లో న్యూయార్క్‌లో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో జెరూసలేం వచ్చేశాడు. స్క్రీన్‌ప్లే కూడా అతనిదే. ఈ సినిమాకు కేన్స్‌లో ఉత్తమ స్క్రీన్‌ప్లే అవార్డు, ఇజ్రాయెల్ జాతీయ సినిమా పురస్కారాలైన ఓఫిర్ అవార్డులు తొమ్మిది, ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల విభాగంలో నామినేషన్ దక్కాయి. బహుమతుల వ్యవస్థను ఎగతాళి చేసిన సినిమాకే ఇన్ని బహుమతులు రావడం చూస్తే ముందు నవ్వొస్తుంది. ఆ తర్వాత కొన్ని ప్రశ్నలు కూడా వస్తాయి.

తండ్రి ఎలియేజెర్ ష్కోల్నిక్ చేసే పని ఏమిటో తెలిస్తే తప్ప అతని కోపం అర్థం కాదు. అతను హీబ్రూ యూనివర్సిటీలో తాల్ముద్ పండితుడు. యూదుల ధర్మశాస్త్ర చర్చలన్నీ కూడిన మహాగ్రంథం తాల్ముద్. దానికి బబులోను కూర్పు, జెరూసలేం కూర్పు అని రెండు రూపాలున్నాయి. రెండోది పేరుకే జెరూసలేంది, అది తయారైంది చాలావరకు గలిలయ ప్రాంతంలో. దాదాపు పూర్తిగా మిగిలిన రాతప్రతి దీనికి ఒక్కటే ఉంది. 1289లో రాసిన ఆ ప్రతి ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉంది. ఒకే ప్రతి ఉన్నప్పుడు అందులో లేఖకుడు చేసిన తప్పు ఏది, అసలు పాఠం ఏది అని తేల్చడం ఎంత కష్టమో రాతప్రతులతో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది. వేరే గ్రంథాల్లో వచ్చిన ఉల్లేఖనలు, చిరిగిన ముక్కలు, పాత వ్యాఖ్యానాలు అన్నీ పోగేసి, ఒక్కో మాటనీ పక్కపక్కన పెట్టి చూడాలి. వేమన పద్యాల కోసం సి.పి. బ్రౌన్ ఊరూరి నుంచి ప్రతులు తెప్పించి పాఠాంతరాలు సరిచూపించిన సంగతి తెలిసిన తెలుగు పాఠకులకు ఈ పని కొత్తేమీ కాదు. తేడా ఏమిటంటే, ఎలియేజెర్‌కి అది ఒక పుస్తకం కోసం చేసే పని కాదు, మొత్తం బతుకే అది.

సినిమా కథ ప్రకారం అతను దాదాపు ముప్ఫై ఏళ్లు ఇలా పోల్చి చూసి, ఇప్పుడు చలామణిలో ఉన్న పాఠం కాకుండా ఒకప్పుడు ఇంకో పాఠం ఉండేదని తేలుస్తాడు. ఆ పని అచ్చుకు వెళ్లబోయే సమయంలో గ్రోస్‌మన్ అనే మరో పండితుడికి ఆ పాఠం ఉన్న అసలు ప్రతే దొరుకుతుంది. అదీ వెతికితే దొరికింది కాదు. ఇటలీలో ఒక పాత పుస్తకం అట్ట లోపల అతికించి ఉన్న కాగితాల్లో అనుకోకుండా కనబడింది. అతను వెంటనే దాన్ని ప్రచురిస్తాడు. ఎలియేజెర్ ముప్ఫై ఏళ్ల తర్కం నిజమేనని దాంతో రుజువైంది, ఆ తర్కంతో ఎవరికీ పని లేకుండా కూడా పోయింది.

ఇది కల్పనే అయినా గాల్లోంచి పుట్టింది కాదు. మధ్యయుగాల హీబ్రూ చర్మపత్రాలను తర్వాతి కాలంలో ఇటలీలో పుస్తకాల బైండింగుకీ, ఆఫీసు రిజిస్టర్ల అట్టలకీ వాడేశారు. అలాంటి ముక్కలు అక్కడి ఆర్కైవుల్లో వేల సంఖ్యలో బయటపడ్డాయి. రాతప్రతుల పండితుడికి కలలో వచ్చే అదృష్టం, పీడకలలో వచ్చే దురదృష్టం రెండూ ఆ అట్టల్లోనే ఉన్నాయి. ఒకరి అదృష్టం ఇంకొకరి నెత్తిన పడే ఈ ఘట్టాన్ని సీడర్ సినిమా మొదట్లోనే పెట్టేశాడు. ఫోన్ తప్పు ఇంటికి వెళ్లడానికి చాలా ఏళ్ల ముందే ఒక గుర్తింపు తప్పు ఇంటికి వెళ్లిపోయింది.

ఎలియేజెర్‌కు మిగిలింది ఒకే ఒక్క గౌరవం. ఆ శాస్త్రానికి పితామహుడిలాంటి ఒక గురువు తన మహాగ్రంథంలో ఒక చోట, ఫుట్‌నోట్‌లో, అతని పేరు చెప్పాడు. సినిమా పేరు అక్కడినుంచి వచ్చింది. కొడుకు ఊరియెల్ దారి వేరు. అతను తాల్ముద్ కాలపు మనుషుల జీవితం గురించి అందరికీ అర్థమయ్యేలా పుస్తకాలు రాస్తాడు, ఉపన్యాసాలిస్తాడు, జనం చప్పట్లు కొడతారు. తండ్రి దృష్టిలో అది పరిశోధన కాదు, కాలక్షేపం. మొదటి దృశ్యంలో కొడుకు సైన్స్ అకాడమీ సభ్యుడిగా ఎన్నికై వేదిక మీద మాట్లాడుతుంటే కెమెరా అతన్ని చూపదు. సభలో కూర్చున్న తండ్రి ముఖం మీదే చాలాసేపు నిలబడిపోతుంది. నాన్న ఉద్యోగం ఏమని బడి ఫారంలో రాయాలని కొడుకు అడిగితే 'టీచర్ అని రాయి' అన్నాడట తండ్రి. కొడుకు ఆ కథను పొగడ్తగానే చెబుతాడు. తండ్రి ముఖంలో మాత్రం కదలిక ఉండదు. ఎలియేజెర్‌గా వేసిన ష్లోమో బర్-అబా ఇజ్రాయెల్ జనానికి ప్రధానంగా హాస్యనటుడు, 'జెహు జె' అనే టీవీ కార్యక్రమంతో ఇంటింటికీ తెలిసిన ముఖం. నవ్వించడానికే అలవాటైన ఆ ముఖాన్ని పూర్తిగా మూసేసి చూపించడం పాత్రధారుల ఎంపికలో అన్నిటికంటే తెలివైన పని. ఓఫిర్ ఉత్తమ నటుడి బహుమతి అతనికే వచ్చింది. కొడుకుగా వేసినవాడు లియోర్ అష్కెనాజి.

కథలోని బహుమతి నిజంగా ఉన్నదే. ఇజ్రాయెల్ ప్రైజ్‌ను 1953 నుంచి ఇస్తున్నారు. స్వాతంత్ర్య దినం నాడు జెరూసలేంలో అధ్యక్షుడు, ప్రధానమంత్రి, పార్లమెంటు స్పీకర్, సుప్రీంకోర్టు అధ్యక్షుడు అందరూ వేదిక మీద ఉండగా ప్రదానం జరుగుతుంది. ఒక్కో రంగానికి ఒక్కో కమిటీ వేసి విజేతను ఎంచుతారు, విద్యామంత్రి ఆమోదిస్తారు. విజేతకు మంత్రి స్వయంగా ఫోన్ చేసి చెప్పడం ఆనవాయితీ. పండితుల నిర్ణయం, ప్రభుత్వ ముద్ర ఒకే కాగితం మీద ఉంటాయి కాబట్టి గొడవలూ తక్కువేమీ కాదు. 1993లో తత్త్వవేత్త యెషయాహు లైబోవిట్జ్‌ను ఎంపిక చేస్తే, సైన్యం మీద అతను చేసిన వ్యాఖ్యల వల్ల పెద్ద దుమారం రేగింది. ప్రధాని రాబిన్ సభకే రానన్నాడు. చివరికి లైబోవిట్జ్ తనంతట తానే వద్దనుకున్నాడు. 2021లో గణిత, కంప్యూటర్ శాస్త్రాల విభాగంలో కమిటీ ఓడెడ్ గోల్డ్‌రైఖ్‌ను ఎంచితే, అతను సంతకం చేసిన రాజకీయ విజ్ఞప్తులు చూపించి మంత్రి ఆపేశాడు. విషయం కోర్టుకెక్కింది, తీర్పు వచ్చాక 2022లో గానీ బహుమతి అతని చేతికి రాలేదు. సినిమాలోని ఇరుకు గదిని అతిశయోక్తి అనుకునేవాళ్లు ఈ రెండూ గుర్తుపెట్టుకోవచ్చు. ఇంకో మాట. దర్శకుడి తండ్రి హోవర్డ్ సీడర్ పేరున్న జీవరసాయన శాస్త్రవేత్త, 1999లో ఇదే ఇజ్రాయెల్ ప్రైజ్ అందుకున్నాడు. ఆ ఫోన్ మోగిన ఇంటి పిల్లవాడే ఈ కథ రాశాడన్నమాట.

మళ్లీ ఆ గదికి. ఊరియెల్ తండ్రి తరఫున వాదిస్తాడు, మాట మాట పెరిగి తోపులాట దాకా వెళుతుంది. కమిటీకి పెద్ద ఎవరో కాదు, ఆ గ్రోస్‌మనే. చివరికి అతను రెండు షరతుల మీద దిగివస్తాడు. తండ్రికి ఇచ్చే ప్రశంసాపత్రం ఊరియెలే రాయాలి. ఇక జీవితంలో ఎప్పుడూ ఈ బహుమతికి ఊరియెల్ పేరు పరిశీలనకు రాకూడదు. కొడుకు ఒప్పుకుంటాడు. ఆ తర్వాత వచ్చే భాగం ఈ స్క్రీన్‌ప్లేకి గుండెకాయ. ఒకవైపు కొడుకు రాత్రిపూట కూర్చుని తండ్రి గొప్పదనానికి మాటలు వెతుకుతుంటాడు. రాస్తాడు, కొట్టేస్తాడు, మళ్లీ రాస్తాడు. ఇంకోవైపు తండ్రి, బహుమతి వచ్చిన ధైర్యంతో, ఒక పత్రికా విలేఖరి ముందు కొడుకు చేసేది అసలు శాస్త్రమే కాదన్నట్టు మాట్లాడుతుంటాడు. రెండు దృశ్యాలూ ఒకదానిలో ఒకటి అల్లుకుని నడుస్తాయి. ఎవరు ఎవరి గురించి ఏం రాస్తున్నారో, ఏం అంటున్నారో ప్రేక్షకుడికి తెలుసు, వాళ్లిద్దరికీ తెలియదు.

తర్వాత ప్రశంసాపత్రం తండ్రి చేతికి వస్తుంది. అతను దాన్ని పొగడ్తలా చదవడు, రాతప్రతిలా చదువుతాడు. అందులో 'మెత్సుదా' అనే మాట దగ్గర కన్ను ఆగుతుంది. హీబ్రూలో దానికి కోట అని అర్థం. గ్రోస్‌మన్ రాతల్లో ఆ వాడుక లేదు. మరి ఎవరి రాతల్లో ఉంది? పుస్తకాలు తీసి, ఎక్కడెక్కడ వచ్చిందో గుర్తులు పెట్టుకుంటూ, ముప్ఫై ఏళ్లు తాల్ముద్ మీద వాడిన పద్ధతినే ఈ ఒక్క పేజీ మీద ప్రయోగిస్తాడు. ఆ మాట కొడుకుది. వచ్చిన ఫోన్‌లో మంత్రి ఏమన్నారో, ఏ పేరుతో పిలిచారో మళ్లీ గుర్తు చేసుకుంటాడు. అంతా తేలిపోతుంది. జీవితమంతా ఎవరూ మెచ్చని విద్య చివరికి ఒక పని చేసిపెట్టింది, తన బహుమతి తనది కాదని రుజువు చేసింది. ఎవరో వచ్చి చెప్పడం, చాటుగా వినడం లాంటి మామూలు దారులన్నీ వదిలేసి నిజాన్ని పాత్ర వృత్తిలోంచే బయటికి తెప్పించడం వల్ల ఈ మలుపు నిలబడింది.

కేన్స్ జ్యూరీకి నచ్చింది ఇదే కావచ్చని ఊహించడం కష్టం కాదు. 2011లో రాబర్ట్ డి నీరో అధ్యక్షుడిగా ఉన్న తొమ్మిదిమంది జ్యూరీ ఆ ఉత్సవంలో అతి పెద్ద బహుమతి పామ్ డోర్‌ను 'ది ట్రీ ఆఫ్ లైఫ్'కూ, స్క్రీన్‌ప్లే అవార్డును సీడర్‌కూ ఇచ్చింది. అక్కడో చిక్కు ఉంది. కథ మలుపు ఒక హీబ్రూ మాట ఎవరి అలవాటు అన్నదాని మీద ఆధారపడింది. సబ్‌టైటిల్స్ చదివేవాళ్లకు ఆ మాట రుచి తెలియదు, అది అరుదైన వాడుకా కాదా అన్నదీ తెలియదు. అయినా దృశ్యం పనిచేసిందంటే కారణం, సీడర్ మాట అర్థం మీద కాకుండా వెతుకులాట మీద దృష్టి పెట్టడమే. మైక్రోఫిల్మ్ రీలు తిరిగినట్టు తెర మీద పుటలు జరుగుతాయి, మాటలు ఎగిరొచ్చి పక్కపక్కన నిలబడతాయి, దొంగను పట్టే సినిమాకు సరిపడే సంగీతం వెనక మోగుతుంది. ఆ సంగీతం మాత్రం చాలాచోట్ల ఎక్కువైంది. బర్-అబా ముఖం ఇప్పటికే చెప్పేసిన దాన్ని వాద్యాలు మళ్లీ గట్టిగా చెబుతుంటాయి. తండ్రీకొడుకుల భార్యలిద్దరికీ కథలో దక్కిన చోటు కూడా, నిజం చెప్పాలంటే, ఫుట్‌నోట్ అంతే.

కేన్స్ తర్వాత ఓఫిర్. ప్రఖ్యాత నటుడు షైకే ఓఫిర్ పేరున ఇచ్చే ఈ అవార్డులను అక్కడి సినిమా అకాడమీ సభ్యులు ఓట్లు వేసి ఎంచుతారు. ఉత్తమ చిత్రం, దర్శకుడు, స్క్రీన్‌ప్లే, నటుడితో కలిపి తొమ్మిది 'ఫుట్‌నోట్'కి వచ్చాయి. ఇక్కడొక నియమం ముఖ్యం. ఓఫిర్ ఉత్తమ చిత్రంగా గెలిచిన సినిమానే ఆ ఏడాది ఆస్కార్‌కు ఇజ్రాయెల్ ఎంట్రీగా వెళుతుంది, విడిగా ఇంకో కమిటీ ఉండదు. మన దేశంలో ఫిల్మ్ ఫెడరేషన్ వేసే కమిటీ ఎంపిక చేస్తుంది. 'ఆర్ఆర్ఆర్' ప్రపంచమంతా తిరుగుతున్న ఏడాది మన ఎంట్రీగా గుజరాతీ సినిమా 'ఛెల్లో షో' వెళ్లినప్పుడు తెలుగువాళ్ల మధ్య ఎంత చర్చ జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దేశానికి ఒక్కటే సినిమా అన్న నియమం ఉన్నంతకాలం ఇలాంటి పేచీలు ఉంటాయి. వందలమంది సభ్యులు ఓటేసినా ఇవి పూర్తిగా తప్పవని సీడర్ జీవితంలోనే జరిగిన ఒక సంగతి చూపిస్తుంది.

2007లో ఓఫిర్ ఉత్తమ చిత్రం సీడర్‌ది కాదు, ఎరాన్ కొలిరిన్ తీసిన 'ది బ్యాండ్స్ విజిట్'ది. ఈజిప్టు నుంచి వచ్చిన పోలీసు బ్యాండు ఒకటి ఊరి పేరు దగ్గర పొరబడుతుంది. పెతాహ్ తిక్వాకు వెళ్లాల్సినవాళ్లు ఎడారిలో బేత్ హతిక్వా అనే చిన్న ఊళ్లో దిగిపోతారు. ఈజిప్టువాళ్లకు హీబ్రూ రాదు, ఊరివాళ్లకు అరబ్బీ రాదు, అందుకని వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. సినిమా అందమంతా ఆ వచ్చీరాని మాటల్లోనే ఉంది. ఆస్కార్ అకాడమీ మాత్రం మాటలు లెక్కపెట్టి, సగానికి పైగా ఇంగ్లీషే ఉంది కాబట్టి ఇది విదేశీ భాషా చిత్రం కాదని పక్కన పెట్టేసింది. ఆ ఖాళీలోకి ఇజ్రాయెల్ పంపిన సినిమా సీడర్ తీసిన 'బోఫోర్'. లెబనాన్‌లోని ఒక పాత కోట నుంచి సైన్యం వెనక్కి వచ్చే కథ అది. బెర్లిన్ చిత్రోత్సవంలో అప్పటికే ఉత్తమ దర్శకుడిగా సిల్వర్ బేర్ తెచ్చిపెట్టింది కాబట్టి అర్హత లేని సినిమా ఏమీ కాదు. అది నామినేట్ అయింది కూడా. 1984 నాటి 'బియాండ్ ది వాల్స్' తర్వాత ఇజ్రాయెల్‌కు ఆ విభాగంలో దక్కిన మొదటి నామినేషన్ అదే.

అంటే ఊరి పేరు పొరబాటు గురించి తీసిన సినిమాకు వెళ్లాల్సిన చోటు ఇంకొకరికి వెళ్లింది, ఆ ఇంకొకరు నాలుగేళ్ల తర్వాత ఇంటిపేరు పొరబాటు వల్ల బహుమతి చేతులు మారే కథ తీశాడు. అందులో నిజం బయటపెట్టే మాటకు అర్థం కోట. ఇది కాకతాళీయమే కావచ్చు. సీడర్ దాన్ని మనసులో పెట్టుకునే రాశాడని చెప్పడానికి ఆధారం లేదు, అలా చెబితే ఎలియేజెర్ లాంటి పండితుడు ఊరుకోడు. అయినా 'ఫుట్‌నోట్' చూస్తున్నప్పుడు ఊరియెల్ పడే ఇబ్బంది ఎందుకంత కచ్చితంగా ఉందో అన్న ఆలోచన రాకమానదు. బహుమతి దక్కినవాడు అర్హుడే, దక్కనివాడూ అర్హుడే, మధ్యలో ఉన్నది ఒక నిబంధనో, ఒక గుమాస్తానో.

2012 ఫిబ్రవరి 26న ఆస్కార్ సభలో 'ఫుట్‌నోట్'తో పాటు బెల్జియం, పోలండ్, కెనడా, ఇరాన్ సినిమాలు పోటీలో ఉన్నాయి. గెలిచింది ఇరాన్ దర్శకుడు అస్గర్ ఫర్హాదీ తీసిన 'ఎ సెపరేషన్'. ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య మాటల యుద్ధం వేడిగా ఉన్న రోజులవి, అందుకే ఇరాన్ ప్రభుత్వ టీవీ దీన్ని ఇజ్రాయెల్ మీద గెలుపుగా చెప్పుకుంది. అదే సమయంలో ఆ ఇరాన్ సినిమా ఇజ్రాయెల్ థియేటర్లలో ఆడుతూనే ఉంది. రెండు సినిమాలనూ ఒకదాని తర్వాత ఒకటి చూస్తే శత్రుదేశాల వాసనే తగలదు. రెండింటిలోనూ ముసలి తండ్రి, అతని పరువు కోసం తంటాలు పడే కొడుకు, మంచి ఉద్దేశంతో మొదలై మెడకు చుట్టుకునే అబద్ధం ఉన్నాయి. ఫర్హాదీ సినిమాలో పందెం పెద్దది, అందులో జైలు ఉంది, పోయిన బిడ్డ ఉంది, కూతురి భవిష్యత్తు ఉంది. ఒక పండితుడి అహం ఎంత లోతుగా తవ్వినా ఆ బరువు రాదు. గెలవాల్సిన సినిమానే గెలిచిందనడంలో పెద్దగా వాదన ఉండదు.

ఇజ్రాయెల్ ఈ విభాగంలో 1964 నాటి 'సలాహ్ షబాతి' మొదలుకుని 'ఫుట్‌నోట్' దాకా పదిసార్లు నామినేట్ అయి ఒక్కసారీ గెలవలేదు. ఆ పదిలో నాలుగు 2007, 2008, 2009, 2011 సంవత్సరాల సినిమాలవి, అంటే అయిదేళ్ల వ్యవధిలోనివి. ఆ నాలుగింటిలో 'బోఫోర్', 'వాల్ట్జ్ విత్ బషీర్' లెబనాన్ యుద్ధాల కథలు. 'అజామి' జాఫాలో అరబ్బులు, యూదుల మధ్య నెత్తురు కథ, మాటలు ఎక్కువగా అరబ్బీలోనే. బయటి ఉత్సవాలు ఇజ్రాయెల్ సినిమా అనగానే తుపాకీ కోసం చూస్తాయన్న విమర్శ ఉండనే ఉంది. ఆ వరుసలో లైబ్రరీ, బూజు పట్టిన కాగితాలు, ప్రొఫెసర్ల కుళ్లుమోతుతనంతో వచ్చిన సినిమా నిలబడడం చిన్న విషయం కాదు. దేశం వాసన ఇందులోనూ ఉంది గానీ, అది గేటు దగ్గర నిలబడిన సెక్యూరిటీ గార్డు రూపంలో ఉంటుంది. కొడుకు సన్మాన సభ నుంచి కాస్త గాలికి బయటికొచ్చిన ఎలియేజెర్‌ను మళ్లీ లోపలికి పోనివ్వడానికి ఆ గార్డు సందేహిస్తాడు. తానెవరో నిరూపించుకోలేక ఆ పెద్దమనిషి అక్కడ నిలబడిపోతాడు.

చివర్లోనూ అలాంటి గేట్లే. బహుమతి ప్రదానానికి రిహార్సల్ జరుగుతుంది, ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు నడవాలో సిబ్బంది చెబుతారు. ఎలియేజెర్‌కు నిజం తెలుసు. అతనికి తెలిసిందన్న సంగతి వేదిక మీద ఎవరికీ తెలియదు. తెర వెనక వరుసలో నిలబెడతారు, ముందు నుంచి ప్రకటన మొదలవుతుంది, విజేతలను పిలవబోతున్నారు. అతను ముందుకు అడుగు వేస్తాడో లేదో చూపించకుండా సీడర్ అక్కడే సినిమా ఆపేశాడు.